అడుగు నున్నగ

అంగి జేబుల కాయితం మడత.
మడతల పెసరుబద్దంత తెల్లటి తునక.
"రాలింది మేడం, జొన్నరొట్టె కొరికితే" అని
బల్ల మీద పెట్టిండు సారంగపాణి,
కొత్తవాడల నూలుకు రంగులేసే మనిషి,
గోర్ల సందుల నీలం ఏండ్ల సంది పోనోడు.
మూడు నెలల్ల ఇది రెండోసారి.

తప్పెవలిదని అడగలే.
అడిగితే బాగుండు.
కంపెనీ మీదికి తోద్దును,
ఎండల వ్యాన్ల తిరిగొచ్చిన సీసా మీదికి,
ఎండకాలం హన్మకొండ కరెంటు మీదికి.

భూతద్దం కింద తునకను బోర్లేసి చూసిన.
అడుగు నున్నగ ఉన్నది,
అరిగిన సబ్బుబిళ్ళ లెక్క.
పంటి పొట్టు ఒక్కటంటే ఒక్కటి పట్టుకొని రాలే.
విరిగొచ్చిన తునకైతే
పట్టుకున్న, బరువుకు ఓడిన, అంటుండె.
ఇది అనేది వేరు:
నన్ను అసలు ఎవలు అతికిచ్చిన్రు?

ఆ దినం యాది చేసుకున్న.
షమీమ్ చిన్న గిన్నెల బాండు చుక్క వేసి పెట్టింది.
గప్పుడే మా పోరగాని బడి నుంచి ఫోను,
మోకాలు పగిలిందట.
రెండు నిమిషాలు. మూడు గిట్ల కావచ్చు.
ఆ చుక్కల ఉన్నది సగం గాలి జాతి,
మూత తీసినంక ఎవలి కోసం ఆగది.
నేను మళ్ళొచ్చేసరికి గిన్నెల మిగిలింది
ఉత్త జిగట.
జిగటనే పూసిన.
అంతకు ముందు గాలి కూడ కొట్టిన, గట్టిగ,
పన్ను సున్నమేసిన గోడ లెక్క అయ్యేదాక.

తడి శత్రువని నేర్పిన్రు మాకు.
ఉమ్మి శత్రువు, నెత్తురు శత్రువు, నిజమే.
కని యాసిడ్ తిన్న పంటి లోపలి పొరల
సన్నటి పోగులు నిలబడి ఉంటయి,
నీళ్ళ ఆసరతోనే నిలబడి ఉంటయి.
మొత్తం ఆరబెడితే
ఒకదాని మీద ఒకటి కూలబడ్తయి,
ఇగ బంకకు దారుండది.
ఇది నాకు తెల్వక కాదు,
పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్న.
చేతికే తెల్వదు.

మత్తు ఎక్కేదాక ఊకె ఉండలేక అడిగిన:
"నూలును పొడిగనే రంగుల ముంచుతరా?"
"పొడి నూలు రంగు తాగదు మేడం.
నానబెట్టాలె, పిండాలె.
కారొద్దు, ఆరొద్దు,
ఆ నడుమ ముంచాలె."
"ఆ నడుమ అనేది ఎట్ల తెలుస్తది?"
జరసేపు ఆలోచన చేసిండు.
మొద్దుబారుతున్న మూతితోని
"చిలపను చెంపకు ఆనిచ్చి చూస్త" అన్నడు.

నేనేడ ఆనిచ్చేది పన్నును!
అది ఆయన చెంపకే ఆని ఉన్నది,
పుట్టినకాడి నుంచి, లోపలికెల్లి.

ఫోను షమీమ్ చేతికిచ్చి బందు పెట్టమన్న.
యాసిడ్, పదిహేను అంకెలు. నీళ్ళు.
ఈసారి గాలి కాదు, దూది ఉండ,
అద్దీ అద్దనట్టు.
పన్ను మెరిసింది,
ఇప్పుడే నాలుక తాకినట్టు.
"ఇప్పుడు వెయ్యి చుక్క" అన్న,
"ఇప్పుడే, షమీమ్."
కుంచెతోని రుద్దుకుంట ఇరువై లెక్కపెట్టిన,
పన్నెండుకాడ చెయ్యి ఆపబుద్ధయింది, ఆపలే.
ఊదిన, చాయ మీద ఊదినట్టు,
అల కదులుడు నిలిచేదాక.
పైలైటు పక్కకు తిప్పినం,
దాని వెలుగుకే గడ్డ కడ్తది ఈ మెత్తటి పిండి.
బియ్యపు గింజ మందం ఒక పొర,
ఒక గోడకు ఆనిచ్చి, నీలి దీపం.
మళ్ళ ఇంకో పొర, ఇంకో గోడ.
దీపాన్ని పంటికి దగ్గరగ పట్టి పట్టి
మణికట్టు గుంజింది.
ఇదివరకు గుంజలేదంటే
ఇదివరకు దూరం పట్టిన్ననే కదా.

నీలి కాయితం నడుమ పెట్టి కొరకమన్న.
ఎత్తున్నకాడ చుక్క పడ్డది.
చేతి అద్దంల చూసుకొని
వంకర మూతితోని నవ్విండు సారంగపాణి.
"ఇది కచ్చా రంగు మేడం,
నిలువది."

చుక్కను అరగదీసిన.
కింద ఉన్నది ఏం రంగో
జొన్నరొట్టె చెప్తది.
పాత తునకను షమీమ్ పారెయ్యబోతే వద్దన్న,
సొరుగుల ఉన్నది,
బోర్లేసి.